ముడి లేని కుట్టు

నేను కుట్టి ఇచ్చిన వస్తువు కంటపడేదాకా ఎవరింట్లోనూ నాకు మంచినీళ్లు గొంతు దిగవు. గ్లాసు చేతిలో పట్టుకుని కళ్లతోనే ఇల్లంతా వెతుకుతాను. పోయిన పండక్కి ఇచ్చిన దిండు గలేబు మంచం మీదే ఉందా, బీరువా ఎక్కిందా? ఆకూవక్కల కోసం కుట్టిచ్చిన బొడ్డుసంచి ముసలామె నడుముకే ఉందా, కోడలు దాంట్లో బట్టల క్లిప్పులు పోసుకుందా? మా గల్లీలోని స్నేహితురాలికి ఒకసారి నాలుగు రంగుల ముక్కలు కలిపి, అంచున అద్దాలు కుట్టి, చిన్న చేతిసంచి ఇచ్చాను. "అబ్బ, ఎంత ముద్దుగున్నది అక్కా, దాసిపెట్టుకుంట" అంది. దాచిపెట్టుకుంటానన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. నెల తిరక్కముందే పొయ్యి మీది అన్నంగిన్నెను ఆ సంచితో పట్టుకుని దింపుతుంటే చూశాను. అద్దాలు మసిబారిపోయాయి. ఆ తర్వాత ఆమెకు మసిగుడ్డలే కుట్టిచ్చాను. వాటిని మాత్రం భద్రంగా గోడకు తగిలించుకుంది, అందానికి.

మా ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా బస్సెక్కిన ప్రతి మనిషినీ టికెట్ తీశాడా లేదా అని కిందికీ పైకీ చూసిన మనిషి. ఆయన నన్ను అనుమానపు మనిషి అంటాడు.

"ఇచ్చుడెందుకు, మల్ల సీఐడీ లెక్క ఎంటవడుడెందుకు? ఇచ్చినంక అది వాళ్లది గదా."

వాళ్లదే, కాదనను. షాపులో కొన్నదైతే ఇచ్చి మరిచిపోవచ్చు. ఎన్నో సాయంత్రాలు ఒళ్లో పెట్టుకుని కుట్టినదాన్ని అలా మరిచిపోవడం నాకు చేతకాదు. పాలమూరు రైల్వే స్టేషన్ వెనక గల్లీలో మా ఇల్లు. గల్లీ చివరి దర్జీ మిగిలిన ముక్కలన్నీ సంచిలో వేసి ఉంచుతాడు. బతుకమ్మ పండక్కి సర్కారు ఇచ్చిన చీరల్లో కట్టుకోనివి లైనింగుకు పనికొస్తాయి. గుడ్డకు కొదవ లేదు. ఇవ్వడానికి మనుషులకే కొదవ.

పసిపిల్లలున్న ఇంటికి ఏదైనా కుట్టి తీసుకుపోతే మాత్రం అనుమానం అటువైపు నుంచి వస్తుంది. మావైపు బాణామతి, చేతబడి మాట ఇంకా పోలేదు. చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి, ఇంటింటికీ నల్లా వచ్చింది, రాష్ట్రం వచ్చింది. బొంత పొరల్లో ఏం పెట్టి కుట్టారోనన్న భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. నాకు పిల్లల్లేరు. అందుకని నా చేతికి ఆ భయం ఇంకాస్త ఎక్కువ తగులుతుంది. అది తెలిసే నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. పసిపిల్ల బొంతకు ఒక మూల జానెడు కుట్టకుండా వదిలేసి తీసుకుపోతాను. ఆ ఇంటి పెద్దామె లోపల చేయిపెట్టి చూసుకున్నాక, ఆమె ఎదుటే ఆ మూల కుట్టేస్తాను. అలా చేయమని ఎవరూ అడగలేదు. అడిగించుకోవడం ఇష్టం లేక నేనే మొదలుపెట్టాను.

ఇంకో సంగతి, నేను ముడి వేయను. ఎంత చిన్న ముడైనా పసిపిల్లల ఒంటికి గుచ్చుకుంటుంది. దారం కొసన ఒకేచోట మూడు సన్నటి టాకాలు వేసి బిగిస్తాను. వేలితో తడిమినా ఏమీ తగలదు. ఇది మా అవ్వ నాకు నేర్పిన పని. నేను నా మేనకోడలికి నేర్పబోయి ఓడిపోయాను.

మేనకోడలంటే మా తమ్ముడి కూతురు. తమ్ముడిది కోస్గి దగ్గరి పల్లె, గొర్లే వాడి బతుకు. భార్య పోయాక చిన్నపిల్లను నా ఇంట్లో దింపి, "ఇది ఇగ నీ బిడ్డనే అక్కా" అని మంద వెంట వెళ్లిపోయాడు. బడి, ఇంటరు అన్నీ మా ఇంట్లోనే. సాయంత్రాలు నా పక్కన కూర్చుని కుట్టేది. చేతిలో పని ఉంది, కానీ ముడి మానదు. వేలికి దారం నాలుగు చుట్లు చుట్టి, నాలుకతో తడిపి, బొటనవేలితో నలిపి జొన్నగింజంత ముడి వేసేది.

"ముడి లేకుంటె ఊడిపోతది అత్తా."

"ఊడదే, గుంజి సూడు."

గుంజి చూసేది. ఊడేది కాదు. "అయినా నాకు నమ్మకం లేదు" అని మళ్లీ ముడే వేసేది. నన్ను మించిన అనుమానపు పిల్ల అని నవ్వుకునేదాన్ని. ఆమె నాకు పనికి సాయం చేసిందని చెప్పను గానీ, పక్కన ఆమె లేకపోతే నాకు సూదిలో దారం ఎక్కేది కాదు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఆమెకు పెళ్లయింది. కల్వకుర్తికి ఇచ్చాం. అల్లుడు మంచివాడు, మాట తక్కువ. వియ్యపురాలు, అంటే మేనకోడలి అత్తగారు, మాట కంటే చూపు ఎక్కువ. పెళ్లిలో నేనిచ్చిన చేతిసంచిని తిప్పి లోపలి కుట్టు చూసిన మనిషి ఆమె ఒక్కతే. అప్పుడే నాకు ఆమె మీద గౌరవమూ అనుమానమూ రెండూ కలిగాయి.

తొలి కాన్పు మా ఇంట్లో. ఆడపిల్ల. నా పసుపుపచ్చ నూలు జాకెట్టు ఒకటి, ఉతికి ఉతికి మెత్తబడింది, ఉండేది. దాన్ని కత్తిరించి పిల్ల తలకు చిన్న కుల్ల కుట్టాను, గడ్డం కింద కట్టడానికి రెండు నాడాలతో. ఆ పచ్చ కుల్లలో పిల్ల మొహం ఇంత ఉండేది. పురుడు తీరకముందే పిల్ల పోయింది. ఊపిరి సరిగా ఆడడం లేదని దవాఖానకు ఎత్తుకుని పరుగెత్తాం. వాళ్లు చేయగలిగింది చేశారు. పొద్దుటికి పిల్ల లేదు.

మావైపు అంత చిన్న పిల్ల పోతే దాని గుడ్డ ఒక్కటి కూడా ఇంట్లో ఉంచరు. ఉంచితే తర్వాత పుట్టే బిడ్డకు మంచిది కాదంటారు. అన్నీ మూటకట్టి దాని వెంటే పంపేస్తారు. వియ్యపురాలు తన చేత్తోనే మూట కట్టింది. ఆ ఏడుపులో కూడా నా కళ్లు ఊరుకోలేదు. మూటలో జుబ్బలు ఉన్నాయి, పొత్తిగుడ్డలు ఉన్నాయి. కుల్ల లేదు. మంచం కింద చూశాను, చాప ఎత్తి చూశాను, ఎక్కడా లేదు.

ఎవరు తీశారో నాకు సందేహమే రాలేదు. వెళ్లేముందు వియ్యపురాలు అరుగు మీద కూర్చుని తన చెల్లెలితో అంటున్న మాట కిటికీలోంచి నా చెవిన పడింది.

"గొడ్రాలి చెయ్యి. ఆ చేత్తోని కుట్టింది తొడిగిరి. ఇంకేమైతది మరి?"

ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు. పోయి ఆమెను రెండు తగిలించాలనిపించింది. మా ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు కాబట్టి ఆగాను. కుల్లను ఆమే తీసుకుపోయిందని, ఏ మంత్రగాడికో చూపించి నా పేరు చెప్పించుకోవడానికేనని నాలో నేను తేల్చేసుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడు కల్వకుర్తి పోయినా మంచినీళ్లు తాగుతూ నా కళ్లు ఆ పచ్చ కుల్ల కోసమే వెతికేవి. వాళ్ల బీరువా తలుపు కాస్త తెరిచి ఉంటే చాలు, మాట మధ్యలో ఆగిపోయేదాన్ని.

కొన్నేళ్లకు మేనకోడలు మళ్లీ నీళ్లోసుకుంది. ఈసారి మా ఇంటికి పంపలేదు. "కాన్పు ఈడనే" అని వియ్యపురాలు ఒక్క ముక్కలో తేల్చేసింది. మళ్లీ ఆడపిల్ల. ఈ పిల్ల పుట్టగానే ఇల్లెగిరిపోయేలా ఏడ్చిందట. ఫోన్లో ఆ ఏడుపు విని మా ఆయన "టికెట్ లేకుండ ఎక్కింది గావచ్చు, దబాయిస్తాంది" అని మురిసిపోయాడు. కొన్నాళ్లకు మేనకోడలు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"తొట్టెల్ల ఏసే దినం నువ్వు రావాలె అత్తా. మా అత్తమ్మను ఒప్పిచ్చిన. గని..."

"గని ఏందే?"

"'వస్తే రానీ. పిల్లకు ఏమన్న అయ్యిందంటె, ఆమె తెచ్చిన దాంట్ల ఏమన్న దొరికిందంటె, ఇగ ఈ గడప తొక్కనియ్య' అన్నది."

సరేనన్నాను. ఇంకేమంటాను? నాకు పిల్లలు లేరు. ఉన్నది ఈ ఒక్క పిల్ల, ఇప్పుడు ఆమె ఒళ్లో ఇంకో పిల్ల. ఆ గడప మూసుకుపోతే నేను ఎవరికోసం కుట్టాలి? ఆ మాటకొస్తే ఎందుకు బతకాలి అని కూడా అనిపించింది.

ఆ బొంత కుట్టినంత జాగ్రత్తగా నేను ఏదీ కుట్టలేదు. పైపొర మేనకోడలు ఇంటరులో వేసుకున్న ఎర్ర వోణీ ముక్కలతో, లోపల మా తమ్ముడి పాత పంచెలు. ఉడకబెట్టి ఉతికినా గొర్ల వాసన కొద్దిగా వస్తూనే ఉంది. వస్తే రానీ, అది వాళ్ల తాత వాసన. పని మధ్యలో లేవాల్సి వస్తే బొంతను బీరువాలో పెట్టి తాళం వేసి లేచాను. మా ఇంట్లో మా ఆయన తప్ప ఎవరూ లేరు. అయినా తాళం వేశాను.

తొట్టెల రోజు ఇంటినిండా ఆడవాళ్లు. నేను బొంత పరిచి, కుట్టని మూల తెరిచి వియ్యపురాలి ముందు పెట్టాను. "సూస్కో వదినె" అన్నాను. మొహమాటపడుతుందేమో అనుకున్నాను. పడలేదు. మోచేతిదాకా చేయి దూర్చి, నాలుగు మూలలూ తడిమి, పొరకూ పొరకూ మధ్య వేళ్లు ఆడించి, తీసింది. అందరూ చూస్తున్నారు. నా చెవులు మండిపోతున్నాయి.

"ఏమనుకోకు వదినె. దినాలు మంచిగ లేవు."

"అనుకునేదుంటె తెరిచి ఎందుకు తెస్త వదినె?"

అక్కడే కూర్చుని మూల కుట్టేశాను. ఆమె వంగి, కుట్టిన చోట వేలితో రాసి చూసింది.

"ముడి ఏది?"

"నాకు ముడి ఉండదు."

"ఊడదా?"

"ఇప్పటిదాక ఊడలె."

ఆమె ఇంకోసారి రాసి చూసి తల ఊపింది. పిల్లను దాని మీద పడుకోబెట్టారు. దారం రీలు అక్కడే మరిచిపోయి బస్సెక్కాను.

ఆ తర్వాత వీడియో కాల్ చేసిన ప్రతిసారీ పిల్లకంటే ముందు బొంతను చూసేదాన్ని. ఉంది. ఎప్పుడు చూసినా పిల్ల కిందే ఉంది. సంతోషపడాలి కదా? నాకు కొత్త అనుమానం పట్టుకుంది. ఎప్పుడూ పిల్ల కిందే ఉంటే ఉతికేదెప్పుడు? పసిపిల్ల పాడుచేయని బొంత ఉంటుందా? పైగా ఒక మూల ఎప్పుడూ మేనకోడలి మోకాలి కిందే ఉంటుంది. "జర కాలు దియ్యి, ఆ మూల ఎట్లున్నదో సూస్త" అన్నాను ఒకసారి. "మంచిగనే ఉన్నది అత్తా" అంటూ ఫోన్ పిల్ల మొహం మీదికి తిప్పేసింది. ఎందుకు తిప్పింది? రెండు రోజులు అదే ఆలోచన. మా ఆయన "కాలు మొద్దు వారి ఉంటది, ఇడిసిపెట్టు" అన్నాడు. నేను విడిచిపెట్టలేదు. పిల్లకు పాలపళ్లు వస్తున్నాయట, చూసొస్తానని చెప్పి కల్వకుర్తి బస్సెక్కాను.

వెళ్లేసరికి వియ్యపురాలు మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తోంది. "కూసో వదినె, వస్తున్న" అని పైనుంచే కేకేసింది. మేనకోడలు తలస్నానానికి పోతూ పిల్లను నా ఒళ్లో పెట్టింది, బొంతతో సహా. పెట్టి ఒక్క క్షణం ఆగింది. బొంత తీసుకుపోదామా అన్నట్టు చేయి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. అది నేను చూశాను.

తలుపు మూసుకోగానే నా వేళ్లు అంచు పట్టుకుని నడిచాయి. ఒక మూల, రెండో మూల, మూడో మూల. నాలుగో మూల, అందరి ముందూ నేను కుట్టిన మూల, అక్కడ వేలికి గట్టిగా ఏదో తగిలింది.

ముడి.

అంటే నా కుట్టు విప్పేశారు. విప్పి, చూసి, మళ్లీ కుట్టారు. నా ఒళ్లు భగ్గుమంది. నలుగురిలో మోచేతిదాకా చేయిపెట్టి వెతికింది చాలలేదా ఈమెకు? మిద్దె మీదికి పోయి, ఆ మిరపకాయల మధ్యే నిలబెట్టి అడుగుదామని పిల్లను చంకనేసుకుని లేచాను కూడా. లేస్తూ ఆ ముడిని ఇంకోసారి చూశాను.

జొన్నగింజంత ఉంది. నాలుగు చుట్లు చుట్టి, తడిపి, నలిపిన ముడి.

మళ్లీ కూర్చుండిపోయాను. లోకంలో ఎవరు అనుమానించినా తట్టుకున్నాను. గొడ్రాలి చేయి అన్న మాటకు కూడా ఏడవలేదు. నా మోకాలి పక్కన కూర్చుని సూది పట్టడం నేర్చుకున్న పిల్ల, నేను నేర్పిన చేత్తోనే నా కుట్టు విప్పి చూసిందంటే మాత్రం నాకు ఏడుపు ఆగలేదు. పిల్ల నా మొహం చూసి నవ్వుతోంది, నేను ఏడుస్తున్నాను. కన్నీళ్లు తుడుచుకోవడానికి బొంత మూలే అందింది. మొహానికి అద్దుకుంటే లోపల మందంగా తగిలింది. అక్కడ రెండు పొరల పంచె తప్ప నేనేమీ పెట్టలేదు.

నా చేతిసంచిలో సూదుల గూడు ఎప్పుడూ ఉంటుంది. చిన్న కత్తెరతో ముడి తెంపి, రెండు వేళ్లు లోపలికి పెట్టి లాగాను. పచ్చ కుల్ల. నాడాలు రెండూ చక్కగా మడిచి లోపలికి దోపి ఉన్నాయి.

తల తుడుచుకుంటూ వచ్చిన మేనకోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నువ్వా తీసింది?" అన్నాను.

"మూట గట్టంగ మా అత్తమ్మ ఏడ్సుకుంట అటు తిరిగింది. నేనే తీసి జాకిట్ల వెట్టుకున్న."

"ఇన్నేండ్లు యాడ దాసినవే?"

"పెట్టెల, చీరల నడుమ." ఆమె వచ్చి నా పక్కన కూలబడింది. "ఇది పుట్టినంక నాకు మనసొప్పలె అత్తా. ఇది బొంత మీద వెచ్చగ పండుకుంటాంది. అది ఒక్కతే ఆడ పెట్టెల ఉన్నది. అక్కాచెల్లెండ్లు గదా, ఒక్క తాన పండుకోనీ అనుకున్న."

వియ్యపురాలి మీద ఇన్నేళ్లు మోసిన అనుమానం అంతా ఆ చిన్న గుడ్డ చేతిలో ఉండగానే ఎటో పోయింది. ఆమె అన్న ఆ మాటకు మాత్రం మన్నింపు లేదు, అది వేరే సంగతి.

మిద్దె మెట్ల మీద చెప్పుల చప్పుడు. మేనకోడలు నా చేయి పట్టుకుంది.

"తీస్కపో అత్తా, నీ సంచిల ఏస్కో. ఆమెకు దొరికితె నువ్వే పెట్టినవంటది. నిన్ను ఇగ రానియ్యది."

నిజమే. పోయిన పిల్ల కుల్ల బతికున్న పిల్ల బొంతలో దొరికితే ఇక నా మాట ఎవరూ వినరు. సంచిలో వేసుకుంటే అంతటితో అయిపోతుంది. ఈ గడప నాకు మిగులుతుంది. మేనకోడలి మొహం చూశాను. తీసుకుపొమ్మని నోరు చెబుతోంది, కళ్లు కుల్లను వదలడం లేదు.

సూదిలో దారం ఎక్కించాను. కుల్లను ఎక్కడిది అక్కడే, నాడాలు లోపలికి దోపి పెట్టాను. అంచు కలిపి కుట్టాను. కొసన మూడు టాకాలు వేసి బిగించాను. ఆ జొన్నగింజ ముడిని నోట్లో వేసుకుని మింగేశాను. అది దొరికితే మేనకోడలి పేరు చెబుతుంది. ముడి లేని కుట్టు నా పేరు చెబుతుంది.

దారం తెంపుతుండగా వియ్యపురాలు లోపలికి వచ్చింది. చేతులకు మిరపకాయల ఘాటు. నా ఒళ్లో సూదిని చూసింది, కోడలి కళ్లు చూసింది, నా కళ్లు చూసింది.

"మల్ల ఏం కుడుతున్నవ్ వదినె?"

"మూల జర ఊడింది."

"నీ కుట్టు ఊడదంటివి గదా?"

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, బొంత అందుకుని, ఆ మూలను వేలితో రాసి చూసింది. ముడి కోసం వెతికింది. ఇటు తిప్పి, అటు తిప్పి మళ్లీ రాసింది. లోపలి మందం ఆమె వేలికి తగిలిందో లేదో నాకు ఈరోజుకూ తెలియదు.

"ఇది నీ కుట్టేనా?" అంది నా మొహంలోకి చూస్తూ.

"నాదే వదినె" అన్నాను. "ఎప్పుడు ఎవ్వరు ఇప్పి సూసినా, నాదే అని చెప్పు."